గోరు మీద తెలుపు

నా భార్యను చంపింది ఆమె సొంత అక్క. జ్వరం చంపిందని అందరూ అంటారు. డాక్టర్లు ఆ జ్వరానికి డెంగీ అని పేరు కూడా చెప్పారు. పేరు ఏదైనా కానీ, వదిన తన కళ్ళతో చూసినదాన్ని సరిగ్గా చూసి ఉంటే నా భార్య ఇవాళ బతికి ఉండేది. ఇందులో నాకు అనుమానం లేదు. వాదించే ఓపికా లేదు.

మేం ముగ్గురం ఒకే ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళం. మధ్యలో ఒక గోడ. గోడకు అవతల చలి, ఇవతల వేడి. ఇవతల, కంప్రెసర్ దగ్గర నేను. అక్కాచెల్లెళ్ళిద్దరూ అవతల, చేపల్ని ఐసులో పరిచి పెట్టెలు కట్టే గదిలో. వదిన ఆ గదికి మేస్త్రి. నోరున్న మనిషి. యజమాని కూడా ఆమె ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాడు.

చలిగదిలో ఒక పద్ధతి ఉంది. పని మధ్యలో బయటికి వచ్చిన ఆడవాళ్ళు తిరిగి లోపలికి వెళ్ళేముందు తలుపు దగ్గర చెయ్యి చాపాలి. వదిన బొటనవేలి గోరు నొక్కి వదులుతుంది. నొక్కితే గోరు తెల్లబడుతుంది. వదలగానే ఎరుపు తిరిగి రావాలి. వస్తే లోపలికి. రావడం ఆలస్యమైతే ఎండలో కూర్చుని చేతులు రుద్దుకోవాలి, వేడినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకోవాలి. ఎరుపు వచ్చాకే మళ్ళీ పని. ఆ పద్ధతి వల్లే అక్కడ ఎవరి వేళ్ళూ చచ్చుబడలేదు. అంతవరకు ఒప్పుకుంటాను.

"చెయ్యి చూపించవే మహారాణీ" అనేది వదిన తన చెల్లెలితో. "నీ గోరైనా నా మాట వింటుంది. నువ్వే వినవు."

"గోరుకి మొగుడు లేడు కదక్కా, ఎవరి మాటైనా వింటుంది" అనేది నా భార్య. గదంతా నవ్వేవాళ్ళు. గోడ అవతలి నుంచి నాకు వినిపించేది.

కిందటేడు వానల్లో ఆమెకు జ్వరం వచ్చింది. కళ్ళ వెనక పొడుస్తున్నట్టు నొప్పి. ఎముకలు విరుస్తున్నట్టు ఒళ్ళు నొప్పులు. ఒకరోజు పొద్దున్నే జ్వరం దిగిపోయింది. గండం గడిచిందని అందరం అనుకున్నాం. ఆమె లేచి కూర్చుని, రొయ్యల లోడు వచ్చిందా అని అడిగింది. నేను పనికి వెళ్ళాను. మిషను దగ్గర ఎవరో ఒకరు ఉండాలి. వదిన తోడు ఉంది.

తరవాత జరిగింది వదిన తన నోటితోనే చెప్పింది కాబట్టి నాకు తెలుసు. మధ్యాహ్నానికి నా భార్య కడుపు నొప్పి అన్నది. తాగిన నీళ్ళు కక్కేసింది. చేతులు చల్లబడ్డాయి. వదిన గోరు నొక్కి చూసింది. తెలుపు అలాగే నిలిచిపోయింది. చూసింది. చూసి, చలిగది తలుపు దగ్గర ఏం చేస్తుందో అదే చేసింది. మంచాన్ని కిటికీ ఎండలోకి జరిపింది. చేతులు రుద్దింది. దుప్పటి కింద వేడినీళ్ళ సీసాలు పెట్టింది. "ఇన్నేళ్ళ ఐసు ఒంట్లోంచి బయటికి వస్తోందే, పోతుందిలే" అన్నది. నా భార్య చక్కగా మాట్లాడుతూనే ఉంది. మాట్లాడే మనిషి పోతుందని ఎవరూ అనుకోరు. నేను ఇంటికి వచ్చేసరికి ఆమె కాళ్ళు కూడా ఐసే.

ఆసుపత్రిలో డాక్టరు చేసిన మొదటి పని అదే గోరు నొక్కడం. ఎప్పటి నుంచి ఇలా ఉందని అడిగాడు. మధ్యాహ్నం నుంచని వదిన చెప్పింది. డెంగీలో జ్వరం దిగినప్పుడే అసలు ప్రమాదం మొదలవుతుందని, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుందని, మిగిలిన చిక్కటి రక్తాన్ని గుండె తోయలేక చేతులూ కాళ్ళూ చల్లబడతాయని ఆయన చెప్పాడు. ఆయన చెప్పడం పూర్తయ్యేలోపే లోపల అంతా అయిపోయింది.

ఆ తరవాత నేను వదిన ఇంటి గడప తొక్కలేదు. ఫ్యాక్టరీలో ఐసు సరిపోకపోతే వేరేవాళ్ళతో కబురు పంపేది. నేనూ వేరేవాళ్ళతోనే జవాబు పంపేవాణ్ణి. తలుపు దగ్గర గోళ్ళు నొక్కడం ఆమె మానేసింది. "ఎవరి గోరు వాళ్ళు నొక్కుకుని చావండి" అనేదట. ఫ్యాక్టరీ వెనక పారేసిన థర్మాకోల్ పెట్టెల్లో వాననీళ్ళు నిలిచి, దోమలు అక్కడే పుడుతున్నాయని, అవి పగలే కుడతాయని ఆరోగ్యశాఖ మనుషులు వచ్చి చెప్పి వెళ్ళారు. నా భార్య పోయిన కొత్తలో అందరూ పోటీపడి ఆ పెట్టెల్ని బోర్లించారు. తరవాత మరిచిపోయారు.

ఈ ఏడు వానల్లో పిచ్చుకకు జ్వరం వచ్చింది.

పిచ్చుక వదినకు ఒక్కతే కూతురు. ఫ్యాక్టరీ ముందు కాటా దగ్గర చేపలు తూకం వేస్తుంది. ఆ పేరు పెట్టింది నా భార్య. నోరు మూతపడదని. మాకు పిల్లలు లేరు. పిచ్చుక సగం మా ఇంట్లోనే పెరిగింది. తల్లి మీద అలిగితే వాళ్ళ పిన్ని దగ్గరికి వచ్చి పడుకునేది. దాని తండ్రి ఐసు లారీ తోలుతాడు. ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు.

జ్వరం సంగతి నాకు తెలుసు. డెంగీయేనని కూడా తెలిసింది. వెళ్ళలేదు.

ఒకరోజు వదిన కంప్రెసర్ గది గుమ్మంలో నిలబడి ఉంది. చలిగది వాళ్ళు ఇటువైపు రారు. ఈ మోతలో ఏం చెప్పాలన్నా అరవాలి.

"పిల్లకి నిన్న జ్వరం దిగింది" అని అరిచింది.

"మంచిదే."

"పొద్దుట్నుంచీ కడుపు నొప్పంటోంది. పట్టిన నీళ్ళు పట్టినట్టే కక్కేస్తోంది."

గేజి అద్దం తుడుస్తున్న గుడ్డ నా చేతిలో ఆగిపోయింది.

"ఆసుపత్రికి తీసుకుపో. నాకెందుకు చెబుతున్నావు?"

"మొదటిరోజు నుంచీ తీసుకుపోతూనే ఉన్నాను. జ్వరం దిగాక కడుపు నొప్పి, వాంతులు, చేతులు చల్లబడటం, ఇందులో ఏది వచ్చినా పెద్దాసుపత్రికి పొమ్మని చెప్పారు. చెయ్యి చల్లగా తగిలిందని నిన్ననే పరిగెత్తాను. ఏమీ లేదమ్మా, ఫ్యాను గాలి అన్నారు. అక్కడి కాంపౌండరు నవ్వాడు. ఇప్పుడు పిల్ల రానంటోంది. దాని గోరు నిన్న నాకు తెల్లగానే కనిపించింది. ఇవాళా తెల్లగానే కనిపిస్తోంది. నా కళ్ళని నేను నమ్మలేను."

"నేనేమన్నా డాక్టర్నా?"

"కాదు. కానీ నువ్వు నా మీద జాలిపడవు. నా మనసు కోసం ఉన్నదాన్ని లేదనవు, లేనిదాన్ని ఉందనవు. అందుకే వచ్చాను."

రానని చెప్పాలనిపించింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల తన పిన్ని మంచం మీద అడ్డంగా పడి నిద్రపోయే తీరు గుర్తొచ్చింది. ఫిట్టర్ని పిలిచి గేజి చూపించాను. "సూది ఈ గీత దాటితే మిషను ఆపెయ్. యజమాని అరిస్తే నా పేరు చెప్పు" అన్నాను. వానలో వదిన ముందు, నేను వెనక.

పిచ్చుక గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి పలచగా కప్పి ఉంది. వేడినీళ్ళ సీసాలు ఎక్కడా లేవు.

"ఓహో, బాబాయ్‌గారు దారి తప్పినట్టున్నారు" అన్నది. గొంతు సన్నగా ఉంది.

"నోరు బాగానే పనిచేస్తోంది."

"అదొక్కటే బాబాయ్. మిగతావన్నీ సమ్మెలో ఉన్నాయి. అమ్మ మాట వినకు. నేను ఆవలించినా ఆవిడకి ప్రాణం పోతున్నట్టే కనిపిస్తుంది."

మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మిషను పని వల్ల నా చేతులు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. దాని చెయ్యి చెమటతో జిగటగా, చల్లగా ఉంది. ఐసు పట్టుకున్న చెయ్యి మణికట్టు దాకానే చల్లబడుతుంది. ఈ చలి మోచేతి వరకూ పాకింది. పాదాలూ అంతే. పైగా పిల్ల చలిగదిలో అడుగుపెట్టనే లేదు. గోరు నొక్కి వదిలాను. తెలుపు అలాగే ఉండిపోయింది. గోరు కింద మనిషి లేనట్టు. తరవాత ఎప్పటికో, ఇష్టం లేనట్టు, ఎరుపు వచ్చింది.

వదిన గుమ్మం దగ్గరే నిలబడి గోడను చూస్తోంది.

"ఒంటికి ఎప్పుడు వెళ్ళావు?"

"పొద్దున్న లేచాక వెళ్ళలేదు. ఇదేం ప్రశ్న బాబాయ్, సిగ్గు లేకుండా."

"నొప్పి ఎక్కడ?"

కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించింది. ముట్టుకోనివ్వలేదు.

"లే."

"బాగానే మాట్లాడుతున్నాను కదా!"

"మీ పిన్ని కూడా మాట్లాడింది."

అది నోరు మూసుకుంది. వదిన వైపు తిరిగి చెప్పాను. "నీ కళ్ళు సరిగ్గానే చూశాయి. బండి చూడు."

ఫ్యాక్టరీ వ్యాను ముందు సీట్లో మా ఇద్దరి మధ్య పిల్లను కూర్చోబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళాం. దారిలో రెండుసార్లు కక్కింది. రెండోసారి చిగుళ్ళ దగ్గర కొంచెం రక్తం కనిపించింది. వదిన తన పమిటతో తుడిచి, ఆ మరకను పిల్లకు కనబడకుండా లోపలికి మడిచింది.

అక్కడి డాక్టరమ్మ గోరు నొక్కి చూసింది. చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది. పైది వంద, కిందిది ఎనభై నాలుగు.

"వందంటే బాగానే ఉంది కదమ్మా?" అని వదిన అడిగింది.

"పైది ఒక్కటే చూడకండి. రెండిటికీ మధ్య ఎడం చూడండి. అవి దగ్గరపడ్డాయి. గుండె కొట్టుకుంటోంది కానీ రక్తం సరిగ్గా ముందుకు పోవడం లేదు."

నాకు వెంటనే అర్థమైంది. నా మిషనుకూ రెండు గేజీలుంటాయి. ఒకటి లాగే వైపు, ఒకటి తోసే వైపు. ఆ రెండు సూదులూ ఒకదానికొకటి దగ్గరపడితే మిషను తిరుగుతున్నా పని జరగడం లేదన్నమాట. మోత మాత్రం అలాగే ఉంటుంది. మోత విని బాగానే ఉందనుకునేవాడు మిషనును కాల్చుకుంటాడు.

"ప్లేట్‌లెట్లు ఎక్కించండమ్మా. నా రక్తం తీసుకోండి" అని వదిన డాక్టరమ్మ చేతులు పట్టుకోబోయింది.

"ఇప్పుడు కావలసింది అవి కావు. రక్తంలోంచి కారిపోయిన నీటిని సెలైన్‌తో నింపాలి. అదీ కొలిచి నింపాలి. నొప్పులకు మాత్రలేమైనా ఇచ్చారా?"

"పారాసిటమాల్ ఒక్కటే. వేరేది ఇంట్లోకి రానివ్వలేదు."

"మంచి పని చేశారు. మిగతా నొప్పి మాత్రలు ఈ జ్వరంలో రక్తం కారేలా చేస్తాయి."

వదిన నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

సెలైన్ మొదట జోరుగా పోయింది. పిల్ల వేలి నుంచి మాటిమాటికీ చుక్క రక్తం తీసి ఎంత చిక్కగా ఉందో చూసేవాళ్ళు. దాన్ని బట్టి సెలైన్ పెంచేవాళ్ళు, తగ్గించేవాళ్ళు. సాయంత్రానికి మూత్రం వచ్చింది. దాన్ని కొలిచి చూసి నర్సు సంతోషించింది. గోరు కింద ఎరుపు తిరిగి వచ్చింది. పిచ్చుక కళ్ళు తెరిచి "ఇక్కడి దోమలు తెల్లకోట్లు వేసుకుంటాయి బాబాయ్" అన్నది. నర్సు కూడా నవ్వింది. వదిన గోడకు చేరగిలబడి ఏడ్చింది. ఏడవనిచ్చాను.

అక్కడితో అయిపోతే బాగుండేది.

మర్నాటికి పిల్ల పొట్ట ఉబ్బింది. కళ్ళ కింద నీరు చేరింది. పడుకుంటే ఊపిరి అందడం లేదని వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. డాక్టరమ్మ సెలైన్ బాగా తగ్గించింది. మా ఇద్దర్నీ ఎదురుగా నిలబెట్టి చెప్పింది. నాళాల్లోంచి నీరు కారడం ఆగిపోయింది, బయటికి కారిన నీరంతా ఇప్పుడు తిరిగి రక్తంలోకి వస్తుంది, ఇంకా పోస్తూ పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. నిన్న ప్రాణం నిలిపిన సెలైనే ఇవాళ ప్రాణం తీస్తుంది. అర్థమైందా అని అడిగింది. అర్థమైందని ఇద్దరం తల ఊపాం.

మొహం కడుక్కుందామని వరండాలోకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వదిన సెలైన్ స్టాండు పక్కన నిలబడి ఉంది. ఒక చేత్తో పిల్ల గోరు పట్టుకుని ఉంది. రెండో చేతి బొటనవేలు సెలైన్ గొట్టానికి ఉండే చిన్న చక్రం మీద ఉంది. చుక్కలు గబగబా పడుతున్నాయి. పిల్ల గుడ్లు తేలేసి ఊపిరి లాగుతోంది.

వదిన మణికట్టు పట్టుకుని లాగేశాను.

"దాని గోరు మళ్ళీ తెల్లబడింది! నీళ్ళు చాలడం లేదు! వీళ్ళకి తెలియడం లేదు, నేను గోళ్ళు చూస్తూ బతికినదాన్ని..."

"ఇంకోదాన్ని కూడా నీ చేత్తోనేనా?"

ఆ మాట నేనే అన్నాను. గది మొత్తానికీ వినపడేలా అన్నాను. పిచ్చుకా విన్నది.

వదిన చెయ్యి నా పట్టులో చచ్చుబడినట్టయింది. నర్సు పరిగెత్తుకొచ్చి సెలైన్ ఆపేసింది. డాక్టరమ్మ పిల్ల వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నది. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. మూత్రం ఎక్కువ పోయేలా ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరు తిప్పారని డాక్టరమ్మ అడిగింది. "నేనే" అని వదిన చెప్పింది. దాచలేదు. ఆ చక్రాన్ని ముట్టుకుంటే బయటికి పంపించేస్తానని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

పిల్ల పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. ప్రతి ఊపిరికీ మెడ దగ్గర గుంట పడుతోంది. మంచానికి అటు వదిన, ఇటు నేను. వదిన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని బిగించుకుంది. మంచం వైపు ఒక్క వేలు కూడా చాపలేదు. మూత్రం సంచీ నిండుతూ వచ్చింది. నిండేకొద్దీ ఊపిరి నెమ్మదించింది. మెడ దగ్గర గుంట పూడింది.

"బాబాయ్" అన్నది పిచ్చుక, మాట కూడదీసుకున్నాక. "అమ్మని అంత మాట అనకు."

"ఊపిరి దాచుకో."

"అనవు కదా?"

"దాచుకో అన్నాను."

పిల్ల బతికింది. ఒంటినిండా ఎర్రటి దద్దుర్లు లేచాయి. మధ్యమధ్య తెల్లటి మచ్చలు. దురద, దురద అని ప్రాణం తీసింది. కోలుకుంటున్నారనడానికి అదొక గుర్తు అన్నారు. ఆకలి అన్నది. ఆసుపత్రి తిండిని తిట్టింది. ఇంటికి పంపించారు. కొన్నాళ్ళు నీరసంగా తిరిగి మళ్ళీ కాటా దగ్గర కూర్చుంది. ఇప్పుడు చేపలవాళ్ళతో తగాదా పడుతోంది. గొంతు ఫ్యాక్టరీ అంతా వినబడుతోంది.

ఫ్యాక్టరీలో వాళ్ళు వేరే కథ అల్లుకున్నారు. ఒకే వ్యానులో వెళ్ళాం, ఒకే మంచం పక్కన నిలబడ్డాం కాబట్టి నేనూ వదినా రాజీపడ్డామట. మనసులు కలిశాయట. ఫిట్టరు నా భుజం తట్టి మంచి పని చేశావన్నాడు. అందుకే ఇదంతా చెప్పాల్సి వచ్చింది.

వదిన ఇంకోసారి కంప్రెసర్ గదికి వచ్చింది. ఈసారి అరవలేదు. అవతల చలి సరిపడా చేరి మిషను దానంతట అది ఆగేదాకా గుమ్మంలో నిలబడింది. ఆగాక గదిలో చెవులు గింగురుమనేంత నిశ్శబ్దం.

"ఆసుపత్రిలో నువ్వన్నది నిజమే. నా చేత్తోనే" అన్నది. "నేను గోరు చూశాను. చూసి ఐసు అనుకున్నాను. పెళ్ళి కాకముందు నుంచీ చూసింది ఐసే. వేరేది ఎట్లా అనుకుంటాను?"

నేను నూనె డబ్బా మూత బిగిస్తున్నాను.

"ఒక్కసారి దాని గురించి నాతో మాట్లాడు. తిట్టు. కొట్టినా సరే. ఎంతసేపైనా వింటాను. మా ఆయనకి ఏడుపు చూస్తే చిరాకు. పిల్లకి చెప్పలేను. చెల్లెలి గురించి మాట్లాడుకోవడానికి నాకు నువ్వు తప్ప ఎవరున్నారు?"

"మాట్లాడితే నీకు తేలికవుతుందా?"

"అవుతుంది."

"అందుకే మాట్లాడను."

ఆమె నిలబడింది. ఇంకేమన్నా అంటానేమోనని చూసింది. మిషను మళ్ళీ అందుకుంది. మోత గదినంతా నింపేసింది. ఆమె పెదవులు కదిలాయి. ఏమన్నదో నాకు వినపడలేదు. అడగలేదు.

రాజీ లేదు. పిల్లను చూడాలనిపిస్తే కాటా దగ్గరికి వెళ్ళి చూస్తాను. ఆ ఇంటి గడప తొక్కను. వదిన అడిగినా, పిచ్చుక అడిగినా, చావబోయే ముందు నన్నెవరడిగినా సరే, ఇకమీదట ఈ సంగతి నా నోట రాదు.